తిక్క మాట (నాలుగో పాఠం): ‘టైలరు కుట్టకూడదు’ దగ్గర ఆగిపోయినవాళ్లకు

కొత్త వ్యాపారానికి ఉపాయం వెతకడానికని పోయిన పాఠం చివర ఒక తిక్క మాట, అంటే కావాలనే అడ్డంగా అన్న మాట ఇచ్చి, దాంతో మూడు నిమిషాలు కూర్చోమన్నాను. ‘టైలరు బట్టలు కుట్టకూడదు.’ అంతే. మీ జవాబులన్నీ చదివాను. ఈ వారం నిఘంటువు తెరిచి చేతికొచ్చిన పదంతో ఆడే పద్ధతి చెప్పాల్సింది. అది వచ్చే వారానికి జరిపాను. సగంమంది బండి తిక్క మాట దగ్గరే దిగబడింది.

‘కుట్టకపోతే వాడు టైలరెట్లవుతాడు మేడం, మీకేమైనా బాగలేదా’ అని కడప నుంచి ఒకాయన రాశారు. ఆయనతో నాకు పేచీ లేదు. మాట తిక్కగా ఉందని గుర్తుపట్టారు, తిట్టారు. సగం పని అయినట్టే.

నన్ను విసిగించింది ఇంకో రకం. ‘టైలరు తక్కువ కుట్టాలి, కానీ బాగా కుట్టాలి.’ ‘టైలరు తను కుట్టకుండా ఇద్దరు మనుషుల్ని పెట్టి కుట్టించాలి.’ ‘పండగలప్పుడు మాత్రమే కుట్టాలి.’ కారం ఇస్తే నీళ్లు కలుపుకుని తాగినట్టుంది ఇది. ఇద్దరు మనుషుల్ని పెట్టుకున్న టైలర్లు మా అనంతపురం పాతూర్లో వీధికొకరున్నారు. ఉన్నదాన్నే మళ్లీ రాసి పంపితే కొత్త వ్యాపారం ఎక్కణ్నుంచి వస్తుంది?

దీని గురించి కొంచెం ఎక్కువే మాట్లాడతాను, ఓపిక పట్టండి. చెనిక్కాయ చేలకు పోయే బండిదారి చూసే ఉంటారు. ఏళ్ల తరబడి చక్రాలు తిరిగి రెండు గాళ్లు పడి ఉంటాయి. బండిని ఆ గాడిలోంచి తప్పించాలని చక్రాన్ని కొంచెం పక్కకు తోస్తే ఏమవుతుంది? నాలుగడుగులు పోయాక మళ్లీ గాడిలోకే జారుతుంది. నలుగురు పట్టుకుని ఎత్తి బయట పెట్టాల్సిందే. మన బుర్రలో ‘టైలరు’ అనే మాటకు కూడా అట్లాంటి గాడి ఉంది: గుడ్డ, కొలత, కత్తెర, మిషను, డబ్బులు. ‘తక్కువ కుట్టాలి’ అనేది పక్కకు తోయడం. ‘కుట్టకూడదు’ అనేది ఎత్తి బయట పెట్టడం.

మరి తెలిసి కూడా ఎందుకు మెత్తబరుస్తాం? సిగ్గు. ఇంట్లో ఒక్కళ్లమే కూర్చుని, ఎవరూ చూడని కాగితం మీద రాసుకునేటప్పుడు కూడా తెలివితక్కువగా కనపడకూడదని చూస్తాం. బళ్లో తప్పు జవాబు కింద పడిన ఎర్ర గీత ఇంకా పోలేదు. నేనూ ఇంతే ఉండేదాన్ని. ఇప్పుడు పాత క్యాలెండరు కాగితాల వెనక రాస్తాను, రాత్రికి పొయ్యిలో వేస్తాను. మంచి నోటుబుక్కులో రాస్తే చెయ్యి మంచి మాటలే రాస్తుంది.

బండిని గాడిలోంచి ఎత్తి బయట పెట్టే ఇట్లాంటి ఆలోచనకు ‘లేటరల్ థింకింగ్’ అనే పేరు 1967లో పెట్టింది మాల్టాలో పుట్టిన డాక్టరు ఎడ్వర్డ్ డి బోనో. ఇట్లాంటి తిక్క మాట ముందు తగిలించడానికి ‘పో’ అనే పదం కూడా ఆయనే తయారుచేశాడు. ‘పో’ వినపడితే, ఈ మాట నిజమా కాదా అని తీర్పు చెప్పకూడదు, దీని మీద కాలుపెట్టి ముందుకు పోవాలి అని గుర్తు. ఆయన చెప్పే ఉదాహరణల్లో నాకు బాగా నచ్చింది నది ఒడ్డు ఫ్యాక్టరీది: ‘పో, ఫ్యాక్టరీ తనకు తానే దిగువన ఉండాలి.’ ఎట్ల కుదురుతుంది? కుదరదు. కానీ ఆ మాట పట్టుకుని పోతే, ఫ్యాక్టరీ మురికినీళ్లు వదిలే చోటికి దిగువనే తనకు కావాల్సిన నీళ్లు తోడుకోవాలి అనే నియమం దొరుకుతుంది. తను వదిలింది తనకే వస్తుంది కాబట్టి శుభ్రం చేసే వదులుతుంది. తుంగభద్ర ఒడ్డునున్న కర్నూలువాళ్లకు దీని విలువ వేరే చెప్పక్కర్లేదు. ఇప్పుడు ఇదే మాటను మెత్తబరచండి: ‘ఫ్యాక్టరీ నీళ్లు కొంచెం శుభ్రంగా వదలాలి.’ ప్రతి మీటింగులో వినే మాటే. పైపు ఎక్కడ పెట్టాలన్న దాకా ఇది ఎన్నేళ్లయినా చేరదు.

సరే, తిక్క మాటను తిక్కగానే ఉంచారు. ముందుకు పోవడం ఎట్లా? పుస్తకాల్లో నాలుగైదు దారులుంటాయి: సారం తియ్యడం, తేడా వెతకడం, ఏ పరిస్థితిలో ఇది లాభమో చూడటం. నేను ఎక్కువగా వాడేది ఒక్కటే. ఆ తిక్క మాట నిజమైపోయిందనుకుని మొదటి నిమిషం సినిమాలాగా చూస్తాను. ఎవరొచ్చారు, చేతిలో ఏముంది, మొదట ఏమన్నారు?

పొద్దున పది. ఒకామె ధర్మవరం పట్టుచీర, జాకెట్టు గుడ్డ సంచిలో పెట్టుకుని వచ్చింది. టైలరమ్మ గుడ్డ తీసుకోలేదు. ‘నేను కుట్టనమ్మా’ అంది. ‘మరేం చేస్తావు?’ ‘కొలత తీస్తా.’ ఇక్కడ ఆగండి. ఆమె సంచిలో ఇంకోటుంది: ఆది జాకెట్టు. సరిగ్గా కుదిరిన పాత జాకెట్టు, దాన్ని చూసే కొత్తది కుట్టాలి. మన ఆడవాళ్లందరి బీరువాల్లో అట్లాంటిది ఒకటే ఉంటుంది. అది టైలరు దగ్గర ఇరుక్కుపోతే ఇంకో టైలరుకు ఇవ్వడానికి లేదు. కూతురు బెంగుళూరులో, ఆమె ఆది అక్కడ, చీర ఇక్కడ. అంటే విలువ కుట్టులో కాదు, ఆదిలో ఉంది. మనిషికొక ఆది పక్కాగా కుదిర్చి, పేరు రాసి దాచి, రెండేళ్లకోసారి సరిచూసి, ఏ టైలరు దగ్గరికి కావాలంటే అక్కడికి పంపే అంగడి ఎందుకుండకూడదు? కూతురు రాకుండానే ఆమె జాకెట్టు కుదురుతుంది.

అదే మొదటి నిమిషాన్ని ఇంకో చోట పెట్టి చూశాను. అంగట్లో కాదు, కల్యాణమండపంలో. ముహూర్తానికి గంటన్నర ముందు పెళ్లికూతురి పిన్నికి జాకెట్టు పట్టడంలేదు. అక్కడ ఎవరూ కొత్తది కుట్టక్కర్లేదు. పక్క కుట్టు విప్పి లోపల మడిచిన గుడ్డ వదలాలి, హుక్కు మార్చాలి. ఒక చిన్న మిషను, పది రంగుల దారాలు, హుక్కుల డబ్బాతో ఒకామె ఆ రోజంతా మండపంలో కూర్చుంటే? డబ్బులు పిన్ని ఇవ్వాలా, పెళ్లివాళ్లా, మండపం ఓనరా? నేనైతే ఓనరునే అడుగుతా. నడుస్తుందా లేదా అని ఇప్పుడే అడగకండి, అది ఆరో పాఠం. పెట్టుబడి, లైసెన్సు సంగతి మీకు తెలిసిందే, దాని జోలికి పోను.

సారం తియ్యడం కూడా ఒక్కసారి చూపిస్తాను, లేకపోతే వదిలేశానని రాస్తారు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా అయింది గానీ, మాకు ఇంకా అనంతపురమే. తోలుబొమ్మలాట కట్టే ఊరు. దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది ఆ కళకే. ఆట చూసేవాళ్లు తగ్గిపోయారు. ‘తోలుబొమ్మలాటలో ఆట ఉండకూడదు’ అనుకోండి. ఏం మిగిలింది? పల్చటి తోలు, రంగులు, చిల్లులు, వెనక దీపం. తెర తీసేసి తోలునే దీపం చుట్టూ చుడితే ల్యాంప్ షేడ్. అక్కడి ఇళ్లల్లో ఇప్పుడు అవీ చేసి అమ్ముతున్నారు. వాళ్లు నా పాఠం చదివి చేశారని అనను. వెనక్కి తిరిగి చూస్తే ప్రతి మంచి ఉపాయమూ ‘ఇంతేనా’ అనిపిస్తుంది, ముందుకు చూసేటప్పుడే గోడ కనపడుతుంది.

నా జిరాక్స్ అంగడిది రెండు ముక్కల్లో: ‘జిరాక్స్ అంగట్లో మిషను ఉండకూడదు.’ మొదటి నిమిషంలో వచ్చినాయన ‘ఏమేం జిరాక్స్ తియ్యాలమ్మా’ అని అడిగాడు. ఏ సర్టిఫికెట్టుకు ఏ కాగితాలు కావాలో పెద్దక్షరాలతో రాసి గోడకు అంటించాను. ఇప్పుడు మిషను చెడిపోయిన రోజు కూడా జనం వస్తారు, గోడ చదవడానికి.

ఇక ‘యాప్ పెట్టాలి మేడం’ అని రాసినవాళ్లకు: యాప్ అనేది సంచి. అందులో ఏం వేస్తారో చెప్పండి.

అభ్యాసం. కష్టంగానే ఉంటుంది. ఒక అంగడి ఎంచుకోండి. ఉగ్గాని బండి, సైకిల్ రిపేరు, కడప బండలు కోసే చోటు, ఏదైనా సరే. ఎదురుగా రెండు గంటలు కూర్చుని వచ్చిన ప్రతి మనిషీ ఏం చేశాడో, ఏమన్నాడో రాయండి. ఫోను జేబులోంచి తియ్యొద్దు. తర్వాత అందరూ చేసిన ఒక పనిని పట్టుకుని ‘ఉండకూడదు’ అని రాయండి. దాని మీద ఇరవై మొదటి నిమిషాలు, ఒక్కొక్కటి వేరే మనిషితో, వేరే వేళలో. మొదటి ఎనిమిదీ చెత్తగా వస్తాయి, కొట్టెయ్యకండి. ‘తక్కువ’, ‘కొంచెం’, ‘మాత్రమే’, ‘ఆన్‌లైన్’ అనే మాటలున్నవి మాత్రం మళ్లీ రాయాలి. ఇరవైలో మీకే నవ్వొచ్చినవి మూడు ఏరి పంపండి, తెలివైనవి వద్దు.

టైలరు అంగడి ఎవరూ తీసుకోవద్దు. అది అయిపోయింది.