ఫోటోలో మొహం పచ్చగా వస్తే ఏం చూడాలి

మాది చిలకలూరిపేటలో చిన్న ఫోటో షాపు. మా ఆయన పెళ్లిళ్లకు కెమెరా పట్టుకుని వెళ్తే పాస్‌పోర్టు ఫోటోలు, జెరాక్సులు నేనే చూసుకుంటాను. పోయిన జూన్‌లో కాలేజీ అడ్మిషన్ల రద్దీ. ఒకామె కొడుకుని తీసుకొచ్చింది. 4x6 షీటు మీద ఎనిమిది ఫోటోలు వేసి చేతికిస్తే, "ఏంటక్కా, మావాడికి పచ్చకామెర్లు వచ్చినట్టున్నాయే" అంది. నిజమే, పిల్లాడి మొహం పసుపూ ఆకుపచ్చా కలిపి పూసినట్టుంది. ప్రింటర్‌లో రంగుల ఇంకు డబ్బా, అదే కలర్ కాట్రిడ్జి, చూస్తే రెండు రోజుల కిందటే వేసిన కొత్తది.

మొహం ఏ రంగుకి తిరిగిందో చూస్తే ఏ ఇంకు ఆగిందో సగం తెలిసిపోతుంది. ఇలా పచ్చగా వస్తే మెజెంటా, అంటే ముదురు గులాబీ ఇంకు, రావట్లేదు. ఎర్రగా కందినట్టుంటే సయాన్, అంటే నీలం ఇంకు. నీలంగానో ఊదాగానో ఉంటే ఎల్లో. ఇది తెలియక నేను ఫోటోషాప్‌లో అరగంట రంగులు దిద్దుతూ కూర్చున్నాను, నాలుగు గ్లాసీ షీట్లు దండగ.

ఇంకు చిమ్మే సన్న రంధ్రాలు నాజిళ్లు, అవి ఉండే భాగం హెడ్. ముందు మామూలు తెల్లకాగితం మీద నాజిల్ చెక్, అంటే ప్రింటర్ మెనూలో ఉండే పరీక్ష గీతలు, కొట్టండి. గీతలు అక్కడక్కడా తెగితే ఒకసారి హెడ్ క్లీనింగ్ ఇచ్చి మళ్లీ చెక్ చేయండి. రెండు మూడు సార్లు మించి వద్దు. క్లీనింగ్ అంటే ఇంకుని లాగి వేస్ట్ ప్యాడ్‌లో పారబోయడమే, డబ్బులు అందులోకే పోతాయి. అప్పటికీ రాకపోతే ఆ రాత్రికి వదిలేసి పొద్దున్నే చూడండి. లోపలి గాలి బుడగ సర్దుకుని మామూలుగా వచ్చిన రోజులున్నాయి. గీతలన్నీ నిండుగా ఉండి ఫోటోనే చెదిరితే కాట్రిడ్జి తప్పు కాదు. సెట్టింగులో ప్లెయిన్ పేపర్ ఉందేమో, గ్లాసీ కాగితం తిరగేసి పెట్టారేమో చూసుకోండి.

ఒక రంగు పూర్తిగా మాయమైతే కాట్రిడ్జి బయటికి తీయాలి. ఇక్కడ మిషన్ రకం తెలియాలి. హెచ్‌పీ, కానన్ చిన్న మోడళ్లలో చాలావాటికి హెడ్ కాట్రిడ్జికే ఉంటుంది. ఎప్సన్‌కి హెడ్ మిషన్‌లోనే ఉంటుంది, కాట్రిడ్జి ఒట్టి ఇంకు డబ్బా. అందుకని కొత్తది చేతిలో పెట్టుకునే పాతది తీయండి, ఖాళీగా వదిలేస్తే ఇంకు ఆరి అసలు హెడ్‌కే ముప్పు. డబ్బా మీద పసుపు టేపు ఉంటే పూర్తిగా లాగండి. గాలి రంధ్రం మూసుకుపోతే లోపల ఇంకు ఉన్నా కిందికి దిగదు.

నాది హెడ్ ఉన్న మూడు రంగుల కాట్రిడ్జి. టిష్యూ మడిచి, గోరువెచ్చని నీళ్లలో తడిపి పిండి, దాని మీద నాజిళ్లు ఆనేలా ఒక నిమిషం నిలబెట్టాను. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటరైతే మేలు, బైకు మెకానిక్ దగ్గర దొరుకుతుంది. యాసిడ్ కలిపింది మాత్రం తేవద్దు. తర్వాత పొడి టిష్యూ మీద అద్దాలి, రుద్దకూడదు, రుద్దితే ఒక రంగు ఇంకోదాంట్లోకి పోతుంది. మూడు చారలు పక్కపక్కన పడాలి. నాకు నీలం పడింది, పసుపు పడింది, మధ్యలో తెల్లగా ఉండిపోయింది. ఇంకోసారి చేసినా అంతే.

"కాట్రిడ్జి గుర్తించలేదు" అని వస్తే అది వేరే జబ్బు. కాట్రిడ్జి మీది రాగి రంగు పాయింట్లని తడి తగిలీ తగలని నూలు పోగులు రాని గుడ్డతో తుడిచి, ఆరాక, టక్‌మనేదాకా నొక్కండి. ఆ పాయింట్లకి వేలు తగలనివ్వద్దు, చేతి జిడ్డు చాలు.

కరెంటు పోయే ఊళ్లలో ఇంకో గొడవ. పని మధ్యలో కరెంటు పోతే హెడ్ తన మూత మీదికి చేరకుండానే ఆగిపోయి, గాలికి ఆరిపోతుంది. ప్రింటర్‌ని గోడ స్విచ్‌తో కాదు, దాని బటన్‌తోనే ఆపండి. చిన్న యూపీఎస్ పెట్టించుకోమని మా ఆయన్ని ఏడాది పోరాను. వారానికో కలర్ ఫోటో ఊరికే అయినా కొట్టండి.

నా కాట్రిడ్జి సంగతి అట్టపెట్టె తిప్పి చూస్తే గానీ తేలలేదు. ఫలానా నెలలోగా మిషన్‌లో వేయాలని అచ్చేసిన తేదీ దాటి ఎనిమిది నెలలు. డీలరేమో "వాడేసింది వాపస్ తీసుకోం" అన్నాడు. బిల్లు, పెట్టె, నాజిల్ చెక్ కాగితం బల్ల మీద పరిచి, టిష్యూ మీద రెండే చారలు పడుతున్న వీడియో చూపించాను. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తానన్నాక లోపలికెళ్లి ఇంకో పెట్టె తెచ్చాడు. దాని తేదీ చదివాకే తీసుకున్నాను.