పెడల్ స్టీల్ గిటార్‌తో మిడి సింథ్‌ను పలికించడం ఎలా?

కాళ్ల మీద నిలబెట్టిన పలక, దాని మీద పది తీగలు. ఎడమచేతిలో ఉక్కు కడ్డీ, ఎడమపాదం కింద పెడళ్లు, మోకాళ్ల దగ్గర లీవర్లు, కుడిపాదం కింద వాల్యూమ్ పెడల్. అమెరికన్ కంట్రీ పాటల్లో జాలిగా సాగే ఆ స్వరం ఈ పెడల్ స్టీల్ గిటార్‌దే. గోటువాద్యం విన్న చెవికి కడ్డీ జారుడు కొత్త కాదు, కొత్తదల్లా పెడలే. ఈ వాద్యంతో సింథ్‌ను (ధ్వనిని ఎలక్ట్రానిక్‌గా పుట్టించే యంత్రాన్ని) పలికించాలంటే మధ్యలో మిడి కావాలి, అంటే ఏ స్వరం మోగాలో యంత్రాలు ఒకదానికొకటి చెప్పుకునే డిజిటల్ భాష. దానికి చిక్కు వచ్చేదీ అక్కడే.

1954లో వచ్చిన వెబ్ పియర్స్ రికార్డులో బడ్ ఐజాక్స్ స్వరం మోగుతుండగానే పెడల్ తొక్కాడు. కొన్ని తీగలు పైకి లేచాయి, మిగతావి ఉన్నచోటే ఉన్నాయి. ఆ ధ్వని కోసం నాష్‌విల్ వాద్యకారులు తమ గిటార్లను మార్చుకున్నారు. 1983లో వచ్చిన మిడిలో మాత్రం పిచ్ బెండ్ (స్వరాన్ని పైకీ కిందికీ జార్చే ఆదేశం) ఒక ఛానల్ (సందేశాలు వెళ్లే దారి) మొత్తానికి పడుతుంది. అంటే ఒక్క తీగను లేపుదామంటే అన్నీ లేస్తాయి. అందుకే కింది పనులన్నిటి గురీ ఒక్కటే: ప్రతి స్వరానికీ విడి ఛానల్ దక్కాలి.

1. పికప్ కొనేముందు సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టండి

రోలాండ్ జీకే లాంటి విడి పికప్‌లు (ఒక్కో తీగ కంపనాన్ని వేరుగా పట్టే సాధనాలు) ఆరు తీగల గిటార్ కోసం చేసినవి. స్టీల్ తీగలు అంతకన్నా దగ్గరగా ఉంటాయి కాబట్టి ఒక తీగ శబ్దం పక్క తీగ కాయిల్‌లోకి చొరబడుతుంది. బ్రిడ్జిలో (తీగలు ఆనే చోట) పియెజో, అంటే ఒత్తిడిని విద్యుత్తుగా మార్చే పికప్, పెడదామన్నా కష్టమే. పెడల్ తొక్కినప్పుడు తిరిగే లోహపు వేళ్ల మీదుగా తీగలు వెళ్తాయి, స్థిరమైన సాడిల్ అంటూ ఉండదు. మామూలు పికప్ సిగ్నల్ నుంచే ఒకేసారి మోగే స్వరాలను గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్‌తో, ఉదాహరణకు జామ్ ఆరిజిన్ వారి మిడి గిటార్‌తో, ముందు ప్రయత్నించడం తక్కువ ఖర్చు. ఇలాంటివి కూడా గిటారిస్టుల కోసమే తయారయ్యాయి. ట్రయల్ దొరికితే మీ వాద్యం మీద పరీక్షించాకే డబ్బు పెట్టండి.

2. సిగ్నల్‌ను వాల్యూమ్ పెడల్‌కు ముందే చీల్చండి

ఇది చాలామంది పట్టించుకోని మెట్టు. స్టీల్ వాయించేవాళ్లు మీటు శబ్దాన్ని పెడల్‌తో దాచి, స్వరం మెల్లగా ఉబికేలా చేస్తారు. ఆ పెడల్ తర్వాత సిగ్నల్ తీసుకుంటే స్వరం ఎప్పుడు మొదలైందో సాఫ్ట్‌వేర్‌కు అంతుపట్టదు. పికప్ నుంచి వచ్చిన వైరును స్ప్లిటర్‌కు ఇవ్వండి. ఒక దారి వాల్యూమ్ పెడల్‌కు, రెండోది నేరుగా ఆడియో ఇంటర్‌ఫేస్‌కు.

మరి సింథ్ శబ్దాన్ని ఎలా అదుపు చేయాలి? సీసీ 11 (శబ్దం హెచ్చుతగ్గులు చెప్పే మిడి సందేశం) పంపే ఎక్స్‌ప్రెషన్ పెడల్ కొనమంటారు కొందరు. దాన్ని దేనితో తొక్కుతారు? రెండు పాదాలకూ, రెండు మోకాళ్లకూ అప్పటికే పని ఉంది. స్టీరియో వాల్యూమ్ పెడల్ తీసుకుని ఒక వైపు స్టీల్, రెండో వైపు సింథ్ అవుట్‌పుట్ పెట్టండి. అలవాటైన పాదమే రెండింటినీ నడుపుతుంది. నా ఓటు దీనికే.

3. ఎంపీఈ ఆన్ చేసి, బెండ్ పరిధి కలపండి

2018లో ప్రామాణికమైన ఎంపీఈ (మిడి పాలిఫోనిక్ ఎక్స్‌ప్రెషన్) పద్ధతిలో ఒక ఛానల్ అందరికీ ఉమ్మడి, మిగతా 15 విడివిడి స్వరాలకు. పది తీగలకు అవి చాలు. పంపేవైపు, అందుకునేవైపు పిచ్ బెండ్ పరిధి ఒకటే ఉండాలి. మామూలుగా ఉండే ±2 సెమీటోన్లు (పక్కపక్క స్వరస్థానాల మధ్య దూరాలు) కడ్డీ జారుడుకు చాలవు, ±48 పెట్టండి. పిచ్ బెండ్‌కు ఉన్న 16,384 మెట్లను అంత వెడల్పున పరిచినా ఒక్కో మెట్టు సెమీటోన్‌లో నూరో వంతుకన్నా తక్కువే, చెవికి తేడా తెలియదు.

4. ఒక పరీక్ష

పెడల్ స్టీల్‌కు మామూలుగా వాడే ఈ9 (E9) శ్రుతిలో 4, 5, 6 తీగలు మీటితే ఈ (E) మేజర్ కార్డ్ పలుకుతుంది. అది మోగుతుండగా ఏ (A), బీ (B) పెడళ్లు కలిపి తొక్కండి. అయిదో తీగ రెండు సెమీటోన్లు, ఆరోది ఒకటి పైకి వెళ్లి ఏ (A) మేజర్ రావాలి. నాలుగో తీగ కదలకూడదు. సింథ్‌లో అది కూడా కదిలితే ఎంపీఈ పనిచేయనట్టే. పెడల్ తొక్కగానే స్వరం మళ్లీ మీటినట్టు వినిపిస్తే, సాఫ్ట్‌వేర్ దాన్ని బెండ్‌గా కాక కొత్త స్వరంగా తీసుకుంటోంది, ఆ సెట్టింగ్ చూడండి.

5. ఆలస్యాన్ని ఒప్పుకునే ధ్వని ఎంచుకోండి

ఈ9లో అన్నిటికన్నా కింది తీగ సుమారు 123 హెర్ట్జ్. దాని ఒక్క ఆవృతికే 8 మిల్లీసెకన్లు పడుతుంది, అంతకుముందే స్వరం కనిపెట్టడం అయ్యే పని కాదు. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 128 శాంపిళ్ల బఫర్ (కంప్యూటర్ ఒక్కోసారి పోగుచేసుకునే ధ్వని ముక్క) మరో 2.7 కలుపుతుంది. కాబట్టి నిదానంగా లేచే స్ట్రింగ్స్, ప్యాడ్, ఆర్గాన్ ధ్వనులు నప్పుతాయి. పియానో పెట్టకండి, జారే పియానో వినడానికి వింతగా ఉంటుంది. దెయ్యం స్వరాలు (మీటకుండానే మోగేవి) వస్తుంటే తప్పు యంత్రానిది కాకపోవచ్చు. అరచేత్తో తీగలను ఆపే పద్ధతి శుభ్రంగా ఉందో లేదో చూసుకోండి.

మున్ముందు?

2020లో ప్రకటించిన మిడి 2.0లో ఒక్కో స్వరానికి విడిగా పిచ్ బెండ్ ఉంది, ఛానళ్లు పంచుకునే అవస్థ తప్పుతుంది. అయినా తీగ మీది స్వరాన్ని కనిపెట్టే పని అక్కడే ఉంటుంది, పది తీగల విడి పికప్‌కు మార్కెట్ చిన్నది. నాకు ఎక్కువ ఆశ కలిగించేది మరో దారి: పెడళ్లకు, లీవర్లకు హాల్ సెన్సర్లు (అయస్కాంతం ఎంత దగ్గరుందో పసిగట్టేవి), చిన్న అయస్కాంతాలు తగిలించి, యూఎస్‌బీ మిడి పంపగల టీన్సీ లాంటి బోర్డుకు కలపడం. ఏ పెడల్ ఎంతవరకు దిగిందో సెన్సరే చెబుతుంది, స్వరాన్ని ఊహించనక్కర్లేదు. ముందు ఒక్క లీవర్‌కు పెట్టి, దాని కదలికను సీసీగా పంపి ఆర్గాన్‌లోని లెస్లీ (తిరిగే స్పీకర్) వేగాన్ని మార్చి చూడండి. అది కుదిరాక మిగతావి.