మస్టాంగ్ హారన్ రింగు: లాగకండి, నొక్కండి

మన ఇళ్ళల్లో పిన్ను బల్బు ఎలా తీస్తాం? హోల్డర్‌లోకి కాస్త నొక్కి, ఎడమకు తిప్పి, మెల్లగా వదులుతాం. నొక్కకుండా లాగితే బల్బు రాదు, హోల్డరే కదిలిపోతుంది. 1965, 66 ఫోర్డ్ మస్టాంగ్ కార్లలో మామూలు స్టీరింగ్ మీదుండే క్రోమ్ హారన్ రింగు (నొక్కితే హారన్ మోగే వలయం) కూడా అచ్చం అలాగే బిగించి ఉంటుంది. ఈ ఒక్క సంగతి నాకు ముందే తెలిసుంటే నా కారు అసలు రింగు ఇవాళ్టికీ ఉండేది.

నాది 1966 హార్డ్‌టాప్, అంటే మడతపడని గట్టి పైకప్పున్న రకం. సీరియల్ నంబర్లో రెండోది ‘టి’ అక్షరం, అంటే మటాచెన్ ప్లాంటులో తయారైన బండి. పేరు మటాచెన్ అయినా ఆ ప్లాంటు ఉండేది అమెరికాలో న్యూజెర్సీలోని మా ఎడిసన్‌లోనే, రూట్ 1 హైవే పక్కన. 1948లో మొదలై 2004లో మూతపడింది. ఇప్పుడు అక్కడ షాపులున్నాయి. వారం వారం గోంగూర కోసం ఓక్ ట్రీ రోడ్డుకు వెళ్ళే ఈ ఊళ్ళోనే నా కారు పుట్టిందని తెలిసిన రోజు నుంచి దాని మీద ప్రాణం పెట్టుకున్నాను.

ఒకరోజు హారన్ పలకడం మానేసింది. రింగు తీసి చూద్దామని రెండు వైపులా పట్టుకుని నా వైపు గట్టిగా లాగాను. టక్‌మని, పైవలయాన్ని మధ్యభాగానికి కలిపే రింగు చేతుల్లో ఒకటి మొదట్లో విరిగింది. విరిగిన చోట చూస్తే ఉక్కులా మెరుపు లేదు, సుద్దముక్క విరిచినట్టు బూడిదరంగులో గరుగ్గా ఉంది. పైన క్రోమ్ పూతే, లోపలంతా జింకు పోత. అది వంగదు, విరుగుతుంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

రింగు అడుగున స్ప్రింగు ఉంటుంది. రింగుకున్న చిన్న చెవులు స్టీరింగ్ మధ్యభాగంలోని గాళ్ళలోకి దూరి ఉంటాయి. స్ప్రింగు వాటిని ఎప్పుడూ పైకి తన్నుతూ ఉంటుంది. అంటే మీరు లాగేకొద్దీ చెవులు ఇంకా బిగుసుకుంటాయి. లోపలికి నొక్కి, గడియారం ముల్లు తిరిగే దిశకు ఎదురుగా తిప్పితేనే విడుదలవుతాయి. తిప్పాల్సింది 20 డిగ్రీలే, గడియారంలో మూడు నాలుగు నిమిషాల గీతలంత దూరం.

చాలాసార్లు రింగు రాకపోవడానికి తుప్పు కారణం కాదు. ఒక పక్కే నొక్కడం వల్ల రింగు ఒరిగి, అవతలి చెవి గాడిలో ఇరుక్కుంటుంది. అలా కాకుండా నిజంగానే పట్టేసిన రింగులూ ఉంటాయి. అరవై ఏళ్ళ చెమట, దుమ్ము, పాలిష్, గట్టిపడిన గ్రీజు కలిసి సందులో మైనంలా పేరుకుంటాయి. నా కారులోనైతే అంతకు ముందు ఎవరో రింగు గలగలమనకుండా చుట్టూ సిలికాన్ పూసిపెట్టారు.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగెటివ్ క్లాంప్ తీసెయ్యండి. లేకపోతే నొక్కిన ప్రతిసారీ హారన్ మోగే అవకాశముంది, ఆ ఉలికిపాటుకు చెయ్యి జారుతుంది. చక్రాలు తిన్నగా పెట్టి, రింగు మీదా స్టీరింగ్ మీదా కలిసేలా మాస్కింగ్ టేపు ముక్క అంటించి, సందు దగ్గర బ్లేడుతో కొయ్యండి. రింగు ఒక్క పిసరు కదిలినా టేపు గీత చెబుతుంది.

తర్వాత సందు శుభ్రం చెయ్యాలి. పాత టూత్‌బ్రష్, సబ్బునీళ్ళు, వెదురు పుల్ల చాలు. సిలికాన్ ఉంటే పళ్ళ మధ్య శుభ్రం చేసుకునే దారాన్ని సందులోకి దించి, రంపంలా ఇటూ అటూ లాగుతూ చుట్టూ తిప్పండి. నాకు ఇదొక్కటే ముప్పావుగంట పట్టింది. స్క్రూడ్రైవర్ మాత్రం దూర్చకండి, రింగుతో పాటు కింది ప్లాస్టిక్కూ పోతుంది.

ఇక తుప్పు వదిలించే నూనె. స్ప్రే డబ్బాతో నేరుగా కొట్టొద్దు, అది కారి ఇండికేటర్ స్విచ్చులోకి దిగుతుంది. పుల్లతో ఒక్కో చెవి ఉండే చోట రెండేసి చుక్కలు వెయ్యండి. రాత్రంతా వదిలెయ్యండి. పొద్దున్నే తిప్పకుండా, ఊరికే మధ్యలో ఒక ముప్పైసార్లు నొక్కి వదలండి. లోపల స్ప్రింగు ఆడటం మొదలైతే మీ చేతికే తెలుస్తుంది. అప్పటికీ బిర్రుగా ఉంటే హెయిర్ డ్రయర్ సన్న సెగ మీద రెండు నిమిషాలు చూపించండి. హీట్ గన్ వద్దు. పాత స్టీరింగ్ ప్లాస్టిక్ అసలే బీటలు వారే రకం.

అసలు పనికి ఇద్దరుంటే మేలు. గిన్నెలు తోమే రబ్బరు గ్లోవ్స్ వేసుకోండి. ఒకరు రెండు అరచేతుల మడమలు రింగు నడిమధ్యన ఆనించి, ఒంటి బరువు సమానంగా మోపాలి. రెండోవాళ్ళు రింగు చేతుల్ని మొదళ్ళ దగ్గర, అంటే మధ్యభాగానికి దగ్గరగా పట్టుకుని తిప్పాలి. పైవలయాన్ని పట్టుకుంటే మళ్ళీ విరుగుతుంది. నేను నొక్కాను, మా అమ్మాయి తిప్పింది. మూడోసారికి “నాన్నా, టేపు గీత జరిగింది!” అంది. అక్కడే ఆగి, వెనక్కి తిప్పి, ఇంకో చుక్క నూనె వేసి, మళ్ళీ నొక్కాం. అలా ముందుకూ వెనక్కూ నాలుగుసార్లు ఆడించాక గాడి వదిలింది. వదలగానే పైకి ఎత్తేయకండి. తువ్వాలు కప్పి మెల్లగా తియ్యండి, స్ప్రింగు ఎగిరి సీటు కింద పడితే వెతుక్కోవాలి. స్ప్రింగు ఏ వైపు పైకుందో ఫోటో తీసుకోండి.

రెండు మూడు రాత్రులు నూనె పెట్టినా రాకపోతే, రింగును కోసి తియ్యడానికి వెనకాడకండి, స్టీరింగ్ మధ్యభాగాన్ని మాత్రం కాపాడుకోండి. 1966 మోడల్ ఒక్కటే 6 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. అందుకే దీనికి కొత్త రింగులు ఇప్పటికీ తయారవుతున్నాయి. నేనూ అలాంటిదే కొనుక్కున్నాను.

కాంటాక్టులను సన్నని ఉప్పుకాగితంతో మెరిసేదాకా రుద్ది, గాళ్ళలో పిసరంత గ్రీజు రాసి, స్ప్రింగు పెట్టి, చెవులు గాళ్ళకు సరిపెట్టి నొక్కి ముల్లు దిశలో తిప్పండి. క్లాంప్ పెట్టాక స్టీరింగ్‌ను ఎడమ చివరి నుంచి కుడి చివరిదాకా మెల్లగా తిప్పుతూ దారి పొడవునా హారన్ కొట్టి చూడండి. ఎక్కడైనా మూగబోతే రింగు తప్పు కాదు, కింద ఒరుసుకునే కాంటాక్టు సరిగా తగలట్లేదన్నమాట.