పికప్‌పై ఇల్లు: బండి కదిలించే ముందు జాగ్రత్తలు

పికప్ ట్రక్కు వెనక తొట్టిలో పెట్టుకుని తిరిగే చిన్న ఇల్లు (ట్రక్ క్యాంపర్) గురించి ఇది. అన్నిటికన్నా ముందు బరువు. డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద బండి ఎంత మోయగలదో ఉంటుంది. ఆ లెక్కలో ఇల్లే కాదు, మనుషులు, నీళ్లు, సామాను అన్నీ వస్తాయి. లీటరు నీళ్లంటే కిలో. 100 లీటర్ల ట్యాంకు నింపితే క్వింటాలు ఎక్కినట్టే. తయారీదారు చెప్పే బరువు తరచుగా ఖాళీ ఇంటిది. నమ్మకండి, అంతా సర్దాక వేబ్రిడ్జి మీద తూయించండి, ఒక్కో ఇరుసు బరువు విడిగా. ఇంటి గరిమనాభి, అంటే బరువంతా కేంద్రీకరించినట్టుండే బిందువు, వెనక ఇరుసుకు కాస్త ముందు పడాలి. వెనక్కి పోతే ముందు చక్రాలు తేలికై స్టీరింగ్ పట్టు తగ్గుతుంది.

☐ నాలుగు మూలల టర్న్‌బకిల్స్ (ఇంటిని బండికి కట్టి ఉంచే, తిప్పి బిగించే కడ్డీలు) బిగువుగా ఉండాలి. మరీ బిగిస్తే ఇంటి చట్రంలోని కొక్కేలు ఊడొస్తాయి. ఇల్లు కుదుటపడ్డాక వదులవుతాయి కనుక 50 కిలోమీటర్లకు ఆగి మళ్లీ చూడండి.

☐ ఇంటి కింద రబ్బరు మ్యాట్. లేకపోతే మలుపుల్లో జారుతుంది.

☐ టైర్ల గాలి చల్లగా ఉన్నప్పుడే చూడాలి, ఈ బరువుకు తగ్గట్టు. వెనక టైర్ల లోడ్ రేటింగ్ (టైరు మోయగల బరువు) కూడా.

☐ గ్యాస్ సిలిండర్ వాల్వు కట్టేయండి. దారిలో ఫ్రిజ్ బ్యాటరీ మీదే నడవాలి. పెట్రోలు బంకులో మంట వెలుగుతూ ఉండకూడదు.

☐ ఇంటిని ఎత్తి దించే జాకులు పైకి, మెట్టు లోపలికి, అరలకు గొళ్లాలు.

☐ పైకప్పు వెంట్ మూత. అందరూ మరిచిపోయేది ఇదే, గాలికి విరిగిపోతుంది.

☐ నేల నుంచి పైకప్పు మీది ఏసీ పైదాకా ఎత్తు కొలిచి, వంతెనల కింద పడుతుందో లేదో తెలిసేలా డ్యాష్‌బోర్డు మీద రాసి అంటించండి.