పట్టీలో గమనిక మూడు వరుసలుంటే రెజెక్స్‌తో ఎట్లా పట్టాలి

మా బావకు జడ్చర్లలో, బాదేపల్లి మార్కెట్ యార్డు దగ్గర అడ్తి దుకాణం (రైతుల సరుకును కమీషన్ మీద అమ్మిపెట్టేది) ఉంది. పల్లికాయ సీజన్ మొదలైందంటే ఆ మనిషికి అన్నం తినే తీరిక కూడా ఉండదు. దుకాణంలో ఏనాటిదో ఒక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నడుస్తోంది, అది ఎక్సెల్ ఇవ్వదు, సాయంత్రం కాగానే ఆ రోజు పట్టీలన్నీ (సరుకు తూకం, ధర, మొత్తం రాసే చీటీలు) వరసగా ఒక టెక్స్ట్ ఫైల్లో కుమ్మరిస్తుంది, అంతే. "ఏం బామ్మర్దీ, కంప్యూటర్ చదివినవ్ కదా, ఇందులో గమనికలు, మొత్తాలు వేరే తీసి పెట్టరాదూ" అన్నాడు. అరగంట పని అనుకుని పైథాన్ తెరిచి, రెజెక్స్ (టెక్స్ట్‌లో ఎట్లాంటి మాటలు వెతకాలో గుర్తులతో చెప్పే ప్యాటర్న్) రాయడానికి కూర్చున్నా. లేచేసరికి రాత్రి పదకొండు దాటింది. ఆ రాత్రి ఎక్కడెక్కడ ఇరుక్కున్నానో, ఎట్లా బయటపడ్డానో రాస్తున్నా. కోడ్‌లో వచ్చే ఇంగ్లిష్ అక్షరాలను పలికినట్టే తెలుగులో రాశాను, టైప్ చేసేటప్పుడు మార్చుకోండి.

ఫైలు ఇట్లా ఉంటుంది:

పట్టీ నంబరు: 41
ఊరు: మిడ్జిల్
సరుకు: పల్లికాయ
తూకం: 8.40
ధర: 6500
గమనిక: తేమ ఎక్కువుంది, ఆరబెట్టి
తెమ్మని చెప్పినం. ఇంకో ఆరు బస్తాలు
రేపు వస్తయి
మొత్తం: 54600
పట్టీ నంబరు: 42
ఊరు: బాలానగర్
సరుకు: పల్లికాయ
తూకం: 5.20
ధర: 6300
గమనిక:
మొత్తం: 32760

గమనిక ఒకచోట మూడు వరుసలుంది, ఇంకోచోట అసలే లేదు. తలనొప్పంతా ఇక్కడే.

ప్యాటర్న్ సంగతి తర్వాత, ముందు ఫైలు ఎట్లా చదువుతున్నారో చూసుకోండి. ఫర్ లూప్ పెట్టి ఒక్కో వరుసా తీసుకుంటూ పోతే, ఎంత గొప్ప ప్యాటర్న్ రాసినా రెండు వరుసలను కలిపి పట్టదు, ఎందుకంటే రెండో వరుస దాని చేతికే రాలేదు. నేను గంటసేపు ప్యాటర్న్‌నే తిట్టుకున్నా, తప్పు లూప్‌ది. రీడ్ అని పిలిచి ఫైలు మొత్తాన్ని ఒకే స్ట్రింగ్‌గా తీసుకోండి. ఒక రోజు పట్టీలు ఎన్నున్నా మెమరీకి అదొక లెక్క కాదు. గ్రెప్ (ఫైళ్లలో మాటలు వెతికే కమాండ్) వాడేవాళ్లకూ ఇదే జరుగుతుంది, అది పుట్టిందే వరుసకు వరుస చూడటానికి. అట్లాంటిదే రిప్‌గ్రెప్ అనే టూల్ ఉంటే మల్టీలైన్ ఆప్షన్ ఇస్తే సరిపోతుంది.

ఇప్పుడు చుక్క. గమనిక:(.*)మొత్తం: అని రాస్తే ఏమీ దొరకదు. చుక్క అంటే ఏ అక్షరమైనా అని మనకు చెప్పారు గానీ, వరుస చివరుండే న్యూలైన్ అక్షరం అందులోకి రాదు. ఇది పాతకాలం అలవాటు. యూనిక్స్ సృష్టికర్తల్లో ఒకడైన కెన్ థాంప్సన్ 1968లో రెజెక్స్ వెతికే పద్ధతి మీద పేపర్ రాశాడు, ఆ తర్వాత ఆయన చేతిలోంచి వచ్చిన ఎడ్, గ్రెప్ లాంటివి వరుసలవారీగానే పనిచేసేవి, కాబట్టి చుక్కకు న్యూలైన్ ఎదురుపడే అవసరమే పెద్దగా రాలేదు. ఆ అలవాటే మనదాకా వచ్చింది.

చుక్క వరుస దాటాలంటే పైథాన్‌లో రీ.డాటాల్ అనే ఫ్లాగ్ (ప్యాటర్న్ పనిచేసే తీరు మార్చే సెట్టింగు) ఇవ్వాలి. జావాస్క్రిప్ట్‌లో చివర చిన్న ఎస్ పెట్టాలి, అది 2018 నుంచే ఉంది. పెర్ల్‌లోనూ ఎస్సే. రూబీ వాళ్లు మాత్రం ఇదే పనికి ఎమ్ అని పేరు పెట్టి జనాన్ని పరేషాన్ చేశారు. ఏ ఫ్లాగూ పెట్టే వీల్లేని చోట చుక్కకు బదులు చదరపు బ్రాకెట్లో బ్యాక్‌స్లాష్ చిన్న ఎస్, బ్యాక్‌స్లాష్ పెద్ద ఎస్ పక్కపక్కన రాయండి, అంటే ఖాళీ అయినా సరే, ఖాళీ కానిదైనా సరే, ఏదైనా రావచ్చని. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో అయితే వెతికే డబ్బాలోనే దీనికి ఒక టిక్ ఉంటుంది.

చాలామంది పేరు చూసి రీ.మల్టీలైన్ పెట్టేస్తారు, నేనూ పెట్టా. దానికీ చుక్కకూ సంబంధం లేదు. అది ^ గుర్తును ప్రతి వరుస మొదట్లోనూ, $ గుర్తును ప్రతి వరుస చివరలోనూ పనిచేసేటట్టు చేస్తుంది, అంతవరకే. మనకు ఆ రెండు ఫ్లాగులూ కావాలి, ఎందుకో కింద వస్తుంది. రెండూ కలపడానికి మధ్యలో | పెడితే చాలు.

డాటాల్ పెట్టగానే ఇంకో కథ మొదలైంది. 41వ పట్టీ గమనిక దగ్గర మొదలై, ఫైల్లో ఆఖరి మొత్తం దాకా అంతా ఒకే గమనికగా వచ్చి పడింది. నక్షత్రం గుర్తుకు ఆశ ఎక్కువ, దొరికినంతా మింగుతుంది. పక్కన ప్రశ్నార్థకం పెట్టి .*? అని రాస్తే, ముందుగా వచ్చే మొత్తం దగ్గరే ఆగుతుంది.

ఆగుతుంది అనుకుని పడుకోబోయా. కానీ బావ అప్పుడప్పుడు పట్టీ రద్దు చేస్తాడు, రద్దయిన పట్టీకి మొత్తం అనే వరుసే ఉండదు. అప్పుడు ఆ పట్టీ గమనిక, పక్క పట్టీలోకి దూకి, దాని ఊరు, సరుకు, తూకం అన్నీ ఊడ్చుకుని దాని మొత్తం దగ్గర ఆగింది. ఎర్రర్ రాదు, ఏమీ రాదు, తప్పు లెక్క మాత్రం చక్కగా వస్తుంది. దీన్ని ప్యాటర్న్‌లోనే కట్టడి చేయొచ్చు:

గమనిక:((?:(?!పట్టీ నంబరు:).)*?)మొత్తం:

అంటే ఒక్కో అక్షరం ముందుకు జరిగే ముందు, ఇక్కడ కొత్త పట్టీ మొదలవుతోందా అని చూసుకుని, కాకపోతేనే జరుగు అని. పనిచేస్తుంది. కానీ ఆరు నెలల తర్వాత దాన్ని చదివి అర్థం చేసుకోవడం నా వల్ల కాదు. అందుకని నేను చివరికి చేసింది వేరే: ముందు ఫైలును పట్టీలవారీగా నరికేశా, తర్వాత ఒక్కో ముక్కలో వెతికా. నరకడానికి ప్యాటర్న్ ఇది:

^(?=పట్టీ నంబరు:)

వరుస మొదట్లో పట్టీ నంబరు కనిపిస్తే అక్కడ కోయి, ఆ మాటను మాత్రం తినెయ్యకు అని దీని అర్థం. పైథాన్ 3.7 నుంచి రీ.స్ప్లిట్‌కు ఇట్లాంటి ఖాళీ చోట కోయడం వచ్చు. ఇక ఒక ముక్క గోడ దాటి ఇంకో ముక్కలోకి గమనిక దూకే అవకాశమే లేదు.

ఇక్కడే నా టైము ఎక్కువ తిన్న తప్పు ఉంది. రీ.స్ప్లిట్‌కు మూడో ఆర్గ్యుమెంట్‌గా రీ.మల్టీలైన్ ఇచ్చేశా. మూడోది ఫ్లాగ్ కాదు, ఎన్నిసార్లు కోయాలి అనే అంకె. మల్టీలైన్ విలువ లోపల 8, కాబట్టి ఎనిమిది సార్లు మించి కోయొద్దని అర్థం చేసుకుంది, ఫ్లాగ్ మాత్రం అందలేదు. ఫ్లాగ్ లేకపోతే ^ ఫైలు మొదట్లో తప్ప ఎక్కడా తగలదు. ఫలితంగా రెండే ముక్కలు, మొదటిది ఖాళీ, రెండోది మొత్తం ఫైలు. ఫ్లాగ్స్ అని పేరు రాసి, సమానం గుర్తు పెట్టి ఇవ్వండి, ఈ తంటా ఉండదు. రీ.సబ్‌లోనూ నాలుగో చోట ఇదే గుంత ఉంది.

ముక్కలో గమనిక తీయడానికి, రెండు ఫ్లాగులూ పెట్టి:

^గమనిక:(.*?)^మొత్తం:

రెండోసారి ^ ఎందుకంటే, గమనికలోనే ఎవరైనా "పాత బాకీ మొత్తం: రేపు ఇస్తం" అని రాస్తే అక్కడ ఆగకూడదు కదా. వచ్చినదానికి స్ట్రిప్ కొట్టి (ముందూ వెనకా ఉన్న ఖాళీలు తీసేసి), మధ్యలో ఉన్న న్యూలైన్లను ఖాళీలుగా మార్చుకుంటే ఒకే వరుస అవుతుంది. మొత్తం దొరకని ముక్కను వదిలెయ్యకుండా దాని పట్టీ నంబరు వేరే లిస్టులో వేసుకోండి, రద్దయినవి బావకు చూపించడానికి అదే పనికొస్తుంది.

గమనిక తర్వాత ఉండే ఖాళీని మింగడానికి బ్యాక్‌స్లాష్ ఎస్, నక్షత్రం పెట్టాలనిపిస్తుంది. పెట్టకండి. ఆ ఎస్‌లో న్యూలైన్ కూడా ఉంది. 42వ పట్టీలో గమనిక ఖాళీ, మొదట్లో నేను మల్టీలైన్ ఒక్కటే ఇచ్చి (.*)$ అని వరుస చివరిదాకా పట్టే ప్యాటర్న్‌లో దాన్ని పెడితే, అది ఖాళీలు మింగుతూ కింది వరుసకు దిగి, "మొత్తం: 32760" అనేదాన్ని గమనికగా తెచ్చిచ్చింది. ఉత్త స్పేస్ గుర్తునే బ్రాకెట్లో పెట్టి వాడండి.

తెలుగు డేటాతో పనిచేసేవాళ్లకు ఇంకొకటి, ఇంగ్లిష్ ట్యుటోరియల్స్‌లో ఎక్కడా కనపడదు. ఊరు పేరు కోసం బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ (అక్షరమో అంకో అని అర్థం), ప్లస్ రాస్తే మిడ్జిల్‌కు బదులు ఉత్త "మ" వచ్చింది, బాలానగర్‌కు "బ". పైథాన్‌లోని రీ మాడ్యూల్ గుణింతపు గుర్తులను అక్షరాలుగా లెక్కపెట్టదు, గుడి, దీర్ఘం, పొల్లు ఏది కనిపించినా అక్కడే ఆగిపోతుంది. రెజెక్స్ అనే వేరే ప్యాకేజీ వేసుకుంటే ఈ గొడవ లేదు. నేనైతే ^ఊరు: (.+)$ అని వరుస చివరిదాకా పట్టేశా. దీనికి మల్టీలైన్ ఒక్కటే ఇవ్వాలి, డాటాల్ ఇస్తే ఆ ప్లస్ కింది వరుసలన్నీ లాక్కుంటుంది.

మొదటి పట్టీ ఒక్కటే ప్రతిరోజూ తప్పిపోతుంటే ప్యాటర్న్‌ను అనుమానించకండి, ఫైలు మొదట్లో కంటికి కనపడని బీఓఎం గుర్తు కూర్చుని ఉంటుంది. ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8-సిగ్ అని ఇవ్వండి.

నక్షత్రం లోపల నక్షత్రం పెట్టి ప్యాటర్న్‌ను మెలికలు తిప్పకండి. దొరకనప్పుడు అది వెనక్కి ముందుకు తిరుగుతూ సీపీయూను తినేస్తుంది. 2019 జూలై 2న, వెబ్‌సైట్లకు రక్షణ ఇచ్చే క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ సేవ పడిపోయింది ఇట్లాంటి ఒక రెజెక్స్ వల్లే. ముక్కలు చిన్నవైతే ఈ భయం కూడా తగ్గుతుంది, నరకడం నాకు నచ్చడానికి అదొక కారణం.

తెల్లారి బావకు చూపిస్తే నిరుటి ఫైళ్లు తెచ్చి పెట్టాడు, వాటిలో గమనిక అనే చోట రిమార్కు అని ఉంది. ^(?:గమనిక|రిమార్కు): అని మార్చి నడిపించా. ఆ బ్రాకెట్ మాత్రం మర్చిపోకండి, లేకపోతే | గుర్తు ప్యాటర్న్ మొత్తాన్ని రెండుగా చీల్చి, ఉత్త గమనిక అనే మాట దొరికినా చాలనుకుంటుంది.