మొదటిసారి సైస్మిక్ ఓడ ఎక్కబోతున్నారా? అమెరికాలో కొత్తగా చేరిన మన పరిశోధకులకు సూచనలు

విశాఖలో జియోఫిజిక్స్ చదివో, హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ)లో కొన్నాళ్లు పనిచేసో అమెరికాలో పీహెచ్‌డీకి చేరినవారిని, ఏడాది తిరిగేలోపు గైడు ఒక మాట అడగవచ్చు: "ఈ వేసవిలో ఓడ మీదికి వెళ్తారా?" ఆయన అనేది సైస్మిక్ ఓడ, అంటే నీటిలోకి ధ్వని పంపి, తిరిగివచ్చే ప్రతిధ్వనితో సముద్రం అడుగు కింది పొరలను చూసే ఓడ. సందేహించకుండా వెళ్లండి. కృష్ణా-గోదావరి బేసిన్ సైస్మిక్ సెక్షన్లను (పొరల నిలువు చిత్రాలను) ఏళ్ల తరబడి తెర మీద చూసినవారికి కూడా, ఆ గీతల వెనుక ఎంతమంది ఎన్ని రాత్రులు మేలుకుని ఉన్నారో ఓడ ఎక్కితేనే తెలుస్తుంది.

ఇక్కడ విశ్వవిద్యాలయాల సైస్మిక్ పనికి బాగా పేరున్న ఓడ మార్కస్ జి. లాంగ్‌సెత్. 1991లో చమురు అన్వేషణ కోసం కట్టిన ఈ ఓడను తరువాత పరిశోధనకు మార్చారు. 2008లో కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన లామాంట్-డోహర్టీ అబ్జర్వేటరీ దీన్ని పరిశోధన యాత్రలకు నడపడం మొదలుపెట్టింది. 2012 జూలైలో వాషింగ్టన్ రాష్ట్రం తీరానికి ఎదురుగా జరిగిన ‘కోస్ట్’ యాత్రకు విద్యార్థులను, యువ శాస్త్రవేత్తలను బహిరంగంగా దరఖాస్తులు పిలిచి ఎంపిక చేశారు. సేకరించిన డేటాను అందరికీ తెరిచి ఉంచారు. అలాంటి ప్రకటన కనిపిస్తే, అనుభవం లేదని వెనక్కి తగ్గకండి. అనుభవం లేనివారి కోసమే ఆ అవకాశం కల్పిస్తారు.

బయలుదేరే ముందు

ముందు కాగితాలు. ఓడ విదేశీ రేవులో ఆగేటట్లయితే మీ ఐ-20 (విశ్వవిద్యాలయం ఇచ్చే విద్యార్థి పత్రం) మీద ప్రయాణ సంతకం తాజాగా ఉండాలి, ఎఫ్-1 వీసా చెల్లుబాటులో ఉండాలి, ఆ దేశపు వీసా కూడా కావాలి. తోటి అమెరికన్ విద్యార్థికి కెనడా రేవులో దిగడం పెద్ద విషయం కాదు. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారికి అదే నెలల తరబడి సాగే పని కావచ్చు. యాత్ర ఖరారైన రోజే విశ్వవిద్యాలయంలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి వెళ్లి చెప్పండి. వైద్య పరీక్ష పత్రాలు ముందే అడుగుతారు. పంటి నొప్పి ఏమైనా ఉంటే ఒడ్డునే చూపించుకోండి. నడిసముద్రంలో పన్ను పీకేవారు ఉండరు.

ఇంట్లోవాళ్లకు కూడా ముందే చెప్పాలి. ఓడలో ఇంటర్నెట్ ఉపగ్రహం ద్వారా వస్తుంది. అది కొద్దిపాటిది, దాన్ని అందరూ పంచుకోవాలి. రోజూ వీడియో కాల్ కుదరకపోవచ్చు. ‘రెండు రోజులు మెసేజ్ రాకపోతే కంగారు పడవద్దు’ అన్న ఒక్క మాట అమ్మతో చెప్పి ఎక్కితే ఇద్దరికీ మనశ్శాంతి.

సముద్రపు వికారానికి మందు రేవు దాటక ముందే వేసుకోవాలి. కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే అది లోపల నిలవదు. ఏ మాత్ర వేసుకోవాలో, చెవి వెనుక అంటించే పట్టీ మీకు పడుతుందో లేదో డాక్టరును అడగండి. మొదటి రెండు మూడు రోజులు ఖాళీ కడుపుతో ఉండకండి, కంప్యూటర్ తెరకు అతుక్కుపోకండి, డెక్ మీదికి వచ్చి దూరంగా దిగంతం వైపు చూడండి. చాలామంది మూడో రోజుకు కోలుకుంటారు.

శాకాహారులు ఆ సంగతి పత్రంలో రాసి ఊరుకోకుండా, ఎక్కిన రోజే వంటాయనను కలిసి స్వయంగా చెప్పాలి. భోజనం వేళలు కచ్చితంగా ఉంటాయి, వాచ్‌లో (డ్యూటీ వంతులో) ఉన్నవారికి పళ్లెం తీసి పెడతారు. కందిపొడి, కరివేపాకు పొడి, కొంచెం ఆవకాయ వెంట తీసుకెళ్లండి. గాజు సీసాలో మాత్రం వద్దు, గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకోండి. నాలుగో వారం వచ్చేసరికి వేడన్నంలో ఆ పొడి కలుపుకుని తినడం ఎంత ఊరటో మాటల్లో చెప్పలేను. మద్యం సంగతి: అమెరికా పరిశోధన ఓడల్లో అది పూర్తిగా నిషిద్ధం.

గడప, తలుపు, నిద్ర

ఓడ తలుపులకు ఎత్తైన ఇనుప గడపలుంటాయి. మన ఇళ్లలో గడప తొక్కకుండా దాటినట్టే వీటినీ దాటాలి. తలుపు చట్రం మీద మాత్రం ఎప్పుడూ చెయ్యి ఆనించకండి. ఓడ ఒక్కసారి ఒరిగితే బరువైన ఆ తలుపు దానంతటదే మూసుకుంటుంది, వేళ్లు పోతాయి. మెట్ల మీద ఒక చెయ్యి ఖాళీగా ఉంచుకుని కమ్మీ పట్టుకోవాలి. వేళ్లు కనిపించే చెప్పులతో డెక్ మీదికి రానివ్వరు.

ఓడలో ఏ వేళ చూసినా ఎవరో ఒకరు నిద్రపోతూనే ఉంటారు. గదిలో మీతో ఉండేవారి వాచ్ మీ వాచ్‌కు ఎదురుగా ఉండవచ్చు. లైటు వేయకుండా బట్టలు తీసుకునేలా ముందే సర్దిపెట్టుకోండి. ఇతరుల నిద్రను గౌరవించేవారిని ఓడవాళ్లు త్వరగా తమవాళ్లుగా చూసుకుంటారు.

వాచ్, లాగ్

మీ అసలు శిక్షణ వాచ్‌లోనే జరుగుతుంది. ఓడ నాలుగైదు నాట్ల వేగంతో, అంటే గంటకు ఎనిమిది కిలోమీటర్లకు అటూ ఇటూగా, మెల్లగా సాగుతుంటుంది. వెనుక ఎయిర్‌గన్‌లు సుమారు 2,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) పీడనంతో నింపిన గాలిని నీటిలోకి ఒక్కసారిగా వదులుతాయి. లాంగ్‌సెత్ పూర్తి అమరికలో 36 గన్‌లు పేలుతాయి, వాటి మొత్తం పరిమాణం 6,600 ఘనపు అంగుళాలు. ఓడ 37.5 మీటర్లు సాగినప్పుడల్లా ఒక షాట్ (గన్‌లను ఒకసారి పేల్చడం) అనుకుంటే దాదాపు 16 సెకన్లకు ఒకటి. పన్నెండు గంటల వాచ్‌లో రెండున్నర వేల షాట్లు దాటుతాయి. సముద్రం అడుగు నుంచి, దాని కింది పొరల నుంచి తిరిగివచ్చే ధ్వనిని ఓడ వెనుక కిలోమీటర్ల పొడవున లాగే స్ట్రీమర్ అనే కేబుల్‌లోని హైడ్రోఫోన్‌లు (నీటి మైక్రోఫోన్‌లు) పట్టుకుంటాయి. 2021లో అమెరికా వాయవ్యాన ఉన్న కాస్కేడియా తీరాన 41 రోజుల సర్వేలో వాడిన స్ట్రీమర్ పొడవు 15 కిలోమీటర్లు. అంత తోకతో లైను (సర్వే చేస్తూ ఓడ సాగే దారి) చివర ఓడ మలుపు తిరగడానికే గంటలు పడుతుంది.

మీ ముందు తెరలు ఉంటాయి: గన్‌ల పీడనం, స్ట్రీమర్ లోతు, దాన్ని ఆ లోతులో నిలిపే ‘బర్డ్‌’లు, స్ట్రీమర్ చివరి బోయా (తేలే గుర్తు) స్థానం, వచ్చే ప్రతి షాట్ రికార్డు. ఏది మారినా లాగ్‌లో (వాచ్ నమోదు పుస్తకంలో) రాయాలి. సమయం యూటీసీలోనే (ప్రపంచమంతటా ఒకటే ఉండే ప్రామాణిక సమయంలోనే) రాస్తారు. తేదీకి బదులు ఏడాదిలో ఎన్నో రోజో వేస్తారు. లీపు సంవత్సరం కాకపోతే జూలై 4 అంటే 185. మొదటి వారం ఒక కాగితం మీద యూటీసీ, ఓడ సమయం, ఇంటి సమయం రాసి ఎదురుగా అంటించుకోండి.

నా తొలి యాత్రలో ఒక తెల్లవారుజామున ‘చానెళ్లలో గోల ఎక్కువగా ఉంది’ అని మాత్రం రాసి వదిలేశాను (స్ట్రీమర్‌లోని ఒక్కో హైడ్రోఫోన్ గుంపు ఒక చానెల్). ఏ చానెళ్లు, ఏ షాట్ నంబరు నుంచి, అలలు పెరిగాయా, పక్కనుంచి వేరే ఓడ వెళ్లిందా, ఏదీ రాయలేదు. ఎనిమిది నెలల తరువాత ఆ లైను ప్రాసెస్ చేయాల్సిన పని నా మీదే పడింది. ఆ ముక్క దగ్గర మూడు వారాలు ఆగిపోయాను. అందుకే కొత్తవారితో ప్రతిసారీ అంటాను: ఆ రాత్రి ఓడలో లేని మనిషి చదివి అర్థం చేసుకునేలా లాగ్ రాయండి. షాట్ నంబరు, సమయం, చూసింది, చేసింది, మీ పేరు, అన్నీ ఉండాలి. కారణం తెలియకపోతే ‘కారణం తెలియలేదు’ అనే రాయండి.

నోరు విప్పండి

మనవాళ్లకు కష్టమైన పని ఇదే. పెద్దల ముందు, గురువుల ముందు అణకువగా ఉండాలని పెరిగాం. ఇక్కడ యాత్రకు నాయకత్వం వహించే చీఫ్ సైంటిస్టును కూడా పేరు పెట్టి పిలవమంటారు. మొదట్లో నాకు నోరు తిరగలేదు. పిలుపు సంగతి ఎలా ఉన్నా, గన్ పీడనం పడిపోతున్నట్టు మీకు అనిపించి, పక్కనున్న ఇరవై ఏళ్ల అనుభవజ్ఞుడు ఏమీ అనలేదని మీరూ ఊరుకుంటే తప్పు మీదే. ఆయన ఆ క్షణంలో వేరే తెర చూస్తూ ఉండవచ్చు. డెక్ మీద ఎవరికైనా ప్రమాదం కనిపిస్తే పని ఆపమని కేకవేసే హక్కు కొత్తగా వచ్చిన విద్యార్థికి కూడా ఉంది. అర్థం కానిదానికి తల ఊపకండి. మన తల ఊపుడును ఇక్కడివారు రకరకాలుగా అర్థం చేసుకుంటారు, కాబట్టి అవునో కాదో మాటతోనే చెప్పండి.

తిమింగలాలను గమనించే పరిశీలకులు ఓడ పైభాగంలో ఉంటారు. గన్‌లు మొదలుపెట్టే ముందు వారు సముద్రాన్ని గాలించి సరేననాలి. ఆ తరువాత చిన్న గన్‌తో మొదలుపెట్టి మెల్లగా బలం పెంచుతారు. నిర్ణయించిన దూరంలోకి తిమింగలం వస్తే గన్‌లు ఆపేస్తారు. లైనులో ఖాళీ వస్తుంది, ఒక్కోసారి చుట్టూ తిరిగి వచ్చి మళ్లీ కొట్టాలి. దీనికి విసుక్కోవద్దు. ఆ జీవులు ధ్వనితోనే బతుకుతాయి, మనం వాటి చెవి దగ్గర పని చేస్తున్నాం. వాచ్ లేనప్పుడు పైకి వెళ్లి పరిశీలకుల పక్కన ఒక గంట నిలబడండి.

చీఫ్ సైంటిస్టును గమనించండి

రేపు మీరే ఒక యాత్రకు నాయకత్వం వహించాలంటే నేర్చుకోవాల్సింది గంటల లెక్క. తుఫానుకు ఎన్ని గంటలు, మరమ్మతుకు ఎన్ని, తిమింగలాలకు ఎన్ని, మిగిలిన వాటితో ఏ లైను కొట్టాలి, ఏది వదులుకోవాలి. ఏ లైను వదులుకున్నారో, ఎందుకో ప్రతి ఉదయం అడిగి మీ పుస్తకంలో రాసుకోండి. కాస్కేడియాలో 1700 జనవరి 26న సుమారు 9 తీవ్రతతో భూకంపం వచ్చింది. అలాంటిది మళ్లీ వస్తే ఎక్కడ ఎలా చీలవచ్చో 2021 నాటి సర్వే డేటా ఆధారంగా ఇప్పుడు చర్చిస్తున్నారు. అక్కడ ఖండం కిందికి దూరుతున్న సముద్రపు పలక ఒకే ముక్కగా కాక నాలుగు భాగాలుగా ఉందని 2024లో ప్రచురించారు. ఒక లైను ఉంచాలా, వదలాలా అన్న నిర్ణయం అంత దూరం వెళ్తుంది.

చివరి రెండు రోజులు సామాన్లు సర్దడం, గదులు తుడవడం, డేటా నకళ్లు తీయడంతో గడిచిపోతాయి. యాత్రా నివేదికలో మీకిచ్చిన భాగాన్ని ఆ లోపే రాసి ఇవ్వండి. రేవులో దిగి ఫోనుకు సిగ్నల్ అందాక, అది రాసే తీరిక ఎవరికీ దొరకదు.