అమెరికా నుంచి ఇంగ్లండ్ పెద్ద క్లబ్‌కి వెళ్లాలంటే ముందు ఏం చూసుకోవాలి

అమెరికాలో సాకర్ ఆడే పిల్లలున్న ఇళ్లల్లో తరచూ వినే మాట, మావాడు బాగా ఆడతాడు ఇంగ్లండ్‌లో ఏదో ఒక క్లబ్‌కి ట్రయల్‌కి పంపిద్దాం అని. పంపండి తప్పులేదు, కానీ అక్కడ ఆట కంటే ముందు అడ్డం పడేది వర్క్ పర్మిట్, అంటే అక్కడ ఆడటానికి కావాల్సిన అనుమతి, దాన్ని బట్టే దారి వేసుకోవాలి.

ముందు బీరువాలోంచి పాత కాగితాలు తీయండి. అమ్మో నాన్నో బ్రిటన్‌లో పుట్టుంటే చాలావరకు బ్రిటిష్ పౌరసత్వం వస్తుంది. తాతో అమ్మమ్మో ఐర్లండ్‌లో పుట్టుంటే ఐరిష్ పౌరసత్వానికి రిజిస్టర్ చేసుకోవచ్చు, ఐరిష్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకి ఇంగ్లండ్‌లో పర్మిట్ గొడవే లేదు. మిగతా యూరప్ పాస్‌పోర్టులు 2021 జనవరి నుంచి ఇంగ్లండ్‌కి పనికిరావు, అలాగని పక్కన పెట్టేయకండి, ఎందుకంటే ప్రపంచ సాకర్ సంస్థ ఫిఫా రూల్ ప్రకారం 18 నిండకుండా వేరే దేశం క్లబ్‌లో చేరడం దాదాపు కుదరదు, యూరప్ పాస్‌పోర్ట్ ఉంటే మాత్రం జర్మనీ లాంటి చోట 16కే చేరొచ్చు. అమెరికా ఆటగాడు పులిసిక్ తాతగారిది క్రొయేషియా, ఆ పాస్‌పోర్ట్‌తోనే చిన్న వయసులో జర్మనీ క్లబ్ డార్ట్‌మండ్‌లో ఆడాడు, 2019లో ఇంగ్లండ్ క్లబ్ చెల్సీ 5.8 కోట్ల పౌండ్లు పెట్టి కొంది.

మనలాంటి ఇళ్లల్లో చాలామందికి ఇవేవీ ఉండవు కదా, అప్పుడు పర్మిట్‌కి జీబీఈ (గవర్నింగ్ బాడీ ఎండార్స్‌మెంట్) ఒక్కటే దిక్కు. ఇంగ్లండ్ సాకర్ సంఘం ఎఫ్ఏ ఇచ్చే ఆమోదం అది, ఆటగాడు అప్లై చేసేది కాదు, క్లబ్బే చెయ్యాలి. అమెరికా సీనియర్ టీమ్‌కి రెగ్యులర్‌గా ఆడుతుంటే దానంతటదే వస్తుంది, ఎన్ని మ్యాచ్‌లు అన్నది దేశం ఫిఫా ర్యాంకుని బట్టి మారుతుంది, ర్యాంకు దిగితే ఎక్కువ మ్యాచ్‌లు చూపించాలి. ఫ్రెండ్లీలు లెక్కలోకి రావు, గోల్డ్ కప్, నేషన్స్ లీగ్ లాంటి టోర్నీల మ్యాచ్‌లే వస్తాయి.

నేషనల్ టీమ్‌లో లేకపోతే 15 పాయింట్లు కావాలి. ఏ లీగ్‌లో ఆడావు, ఎన్ని నిమిషాలు ఆడావు, నీ క్లబ్ టేబుల్‌లో ఎక్కడుంది, ఇవన్నీ చూస్తారు. లీగ్‌లని బ్యాండ్‌లుగా పెట్టారు, పైన ఐదు పెద్ద లీగ్‌లు, వాటి కింద పోర్చుగల్, నెదర్లాండ్స్ లాంటివి, అమెరికా టాప్ లీగ్ ఎంఎల్ఎస్ వాటికన్నా కిందే, అంటే అవే నిమిషాలు ఎంఎల్ఎస్‌లో ఆడితే తక్కువ పాయింట్లు. అందుకే నా మాట ఏంటంటే ఇంగ్లండ్‌ని మొదటి మెట్టు అనుకోకండి, రెండోదో మూడోదో అనుకోండి. అమెరికా ఆటగాడు క్రిస్ రిచర్డ్స్ డల్లాస్ నుంచి జర్మనీలో బయర్న్‌కి వెళ్లి, అక్కడే హాఫెన్‌హైమ్‌లో ఆడి, 2022లో ఇంగ్లండ్ క్లబ్ క్రిస్టల్ ప్యాలెస్‌కి వచ్చాడు, 2025లో వాళ్లతో ఎఫ్ఏ కప్ గెలిచాడు. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్నట్టు పెద్ద క్లబ్ బెంచ్ మీద కూర్చుంటే నిమిషాలు రావు, నిమిషాలు లేకపోతే పాయింట్లు లేవు.

పాత రూల్స్ రోజుల్లో ఇంకా కష్టం. అమెరికా గోల్‌కీపర్ బ్రాడ్ ఫ్రీడెల్‌కి 90ల్లో పర్మిట్ మళ్లీమళ్లీ తిరస్కరించారు, తర్వాత అదే మనిషి ఇంగ్లండ్ టాప్ లీగ్ అయిన ప్రీమియర్ లీగ్‌లో వరసగా 310 మ్యాచ్‌లు ఆడి రికార్డు పెట్టాడు. అమెరికా ఆటగాడు హువాన్ అగుడేలోని 2013లో ఇంగ్లండ్ క్లబ్ స్టోక్ సిటీ తీసుకుంది, పర్మిట్ రాలేదు, నెదర్లాండ్స్ క్లబ్ యుట్రెక్ట్‌కి లోన్ మీద (కొన్నాళ్లకి అరువుగా) వెళ్లాడు, మళ్లీ అడిగినా రాలేదు, చివరికి అమెరికా తిరిగొచ్చేశాడు. ఆ కుర్రాడి సంగతి గుర్తొస్తే నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

2023 నుంచి చిన్న వెసులుబాటు ఉంది, పాయింట్లు చాలనివాళ్లని కూడా ప్రీమియర్ లీగ్, దాని కింది లీగ్ ఛాంపియన్‌షిప్ క్లబ్‌లు నలుగురి దాకా తీసుకోవచ్చు. కానీ ఆ నాలుగు సీట్ల కోసం బ్రెజిల్, ఆఫ్రికా కుర్రాళ్లు కూడా క్యూలో ఉంటారు.

వయసు లెక్క కూడా చూసుకోండి. ప్రీమియర్ లీగ్ స్క్వాడ్ 25 మందిలో హోమ్‌గ్రోన్ కానివాళ్లు 17 మందికి మించకూడదు, 21 నిండేలోపు మూడు సీజన్లు అక్కడి క్లబ్‌లో ఉంటేనే హోమ్‌గ్రోన్ అంటారు. 18కే వెళ్లగలిగితే అది దక్కే ఛాన్స్ ఉంది, నాలుగేళ్లు కాలేజీ సాకర్ ఆడి 22కి బయటికొస్తే ఇక లేదు. చదువు వద్దని చెప్పట్లేదు, ఏది వదులుకుంటున్నామో తెలిసి వదులుకోవాలి.

ఎంఎల్ఎస్‌లో సంతకం పెట్టేటప్పుడు కాంట్రాక్ట్ లీగ్‌తోనే అవుతుందని గుర్తుంచుకోండి, క్లబ్‌తో కాదు. ఆప్షన్ ఇయర్స్ (కాంట్రాక్ట్ పొడిగించుకోగల అదనపు ఏళ్లు) ఎన్ని ఉన్నాయో, వాటిని వాడుకునే హక్కు ఎవరిదో లాయర్‌తో చదివించండి, లేకపోతే ఇంగ్లండ్ క్లబ్ పిలిచిన రోజున కదల్లేరు.

ట్రయల్ ఇప్పిస్తా ముందు డబ్బు కట్టండి అనే ఏజెంట్‌కి రూపాయి కాదు డాలర్ కూడా ఇవ్వకండి, ఫిఫా లైసెన్స్ ఉందో లేదో అడగండి, లేదంటే ఫోన్ పెట్టేయండి. ఈలోపు మీవాడు ఏ లీగ్‌లో ఏ మ్యాచ్‌లో ఎన్ని నిమిషాలు ఆడాడో ఒక షీట్‌లో రాస్తూ ఉండండి, క్లబ్ వాళ్లు పాయింట్లు లెక్కేసేది వాటి మీదే.